వాక్కాయ సాగు: పొలానికి ముళ్ల కంచె, ఇంటికి పులుపు – నాటే ముందు తేల్చుకోవాల్సిన విషయాలు

వాక్కాయ మన దేశపు సొంత మొక్క. రాళ్ల నేలలోనూ బతుకుతుంది, ఎండకు తట్టుకుంటుంది, వేసవిలో కూడా ఆకు రాల్చదు. తెల్లని సువాసన పూలు పూసి, వానాకాలంలో గుత్తులు గుత్తులుగా కాస్తుంది. కొమ్మల నిండా గట్టి ముళ్లు ఉండటం వల్ల పొలం చుట్టూ జీవకంచెగా పనికొస్తుంది. కాయలు పప్పు, పులిహోర, పచ్చడి, ఊరగాయలకు వాడుకోవచ్చు, మిగిలినవి అమ్ముకోవచ్చు.

ఇన్ని మంచి గుణాలు ఉన్నాయి కదా అని ఒకేసారి ఎకరం నిండా నాటేయడం మంచిది కాదు. కంచెగా పెంచే పద్ధతి వేరు, కాయ కోసం పెంచే పద్ధతి వేరు. కాయలన్నీ కొద్ది వారాల్లోనే కోతకు వస్తాయి. పండితే మూడు నాలుగు రోజులకు మించి నిలవవు. అందుకే ఎన్ని మొక్కలు, ఎక్కడ, దేనికోసం అన్నది ముందే తేల్చుకుని నాటాలి. సన్న, చిన్నకారు రైతులు తక్కువ ఖర్చుతో వాక్కాయను ఎలా పెంచుకోవచ్చో ఈ వ్యాసంలో వివరంగా తెలుసుకుందాం.

మొక్కను గుర్తుపట్టడం

వాక్కాయ గన్నేరు కుటుంబానికి చెందిన పొద. శాస్త్రీయ నామం కరిస్సా కరండాస్. హిందీలో కరోందా అంటారు. వదిలేస్తే 10 నుంచి 15 అడుగుల ఎత్తు పెరుగుతుంది. ఈ గుర్తులు చూసుకోండి:

• ఆకులు దళసరిగా, మెరుస్తూ, కొమ్మపై రెండేసి చొప్పున ఎదురెదురుగా ఉంటాయి.
• ముళ్లు జంటగా వస్తాయి. చాలా ముళ్లు కొసన రెండుగా చీలి ఉంటాయి.
• ఆకు తుంచినా, కాయ కోసినా తెల్లని పాలు కారతాయి.
• పూలు తెల్లగా, ఐదు రెక్కలతో, మల్లెపూలను పోలి కొమ్మల చివర గుత్తులుగా వస్తాయి.
• కాయలు లేతగా ఉన్నప్పుడు ఆకుపచ్చగా, ముదిరే కొద్దీ తెలుపు మీద గులాబీ రంగుతో, పండాక ముదురు ఊదా లేదా నలుపు రంగులో ఉంటాయి. లోపల చిన్న చదునైన గింజలు ఉంటాయి.

అడవుల్లో, గుట్టల మీద దొరికే కలివి పండ్లు (కొన్ని చోట్ల కలే పండ్లు అంటారు) దీనికి దగ్గరి చుట్టమే. ఆ కాయ చిన్నది, పండితే తియ్యగా ఉంటుంది. 1986లో కడప జిల్లాలో మళ్లీ కనిపించిన అరుదైన కలివికోడికి ఈ ముళ్ల పొదల పేరే ఉంది. కూరకు, ఊరగాయకు మాత్రం పెద్ద కాయ వచ్చే వాక్కాయే అనువైనది. నర్సరీలో మొక్క అడిగేటప్పుడు ఏది కావాలో స్పష్టంగా చెప్పండి.

ఒక జాగ్రత్త. గన్నేరు, పచ్చ గన్నేరు కూడా ఇదే కుటుంబపు మొక్కలు, వాటిలోనూ పాలు ఉంటాయి. అవి రెండూ విషపూరితం. వాటికి ముళ్లు ఉండవు. కంచెలో రెండు రకాలూ కలిసి ఉంటే పిల్లలు పొరబడే ప్రమాదం ఉంది. వాక్కాయ కంచెలో గన్నేరు కలపొద్దు. వాక్కాయలో కూడా తినదగినది కాయ మాత్రమే.

ముందు తేల్చుకోండి: కంచె కోసమా, కాయ కోసమా?

కంచె గట్టిగా ఉండాలంటే మొక్కలు దగ్గర దగ్గరగా నాటి, తరచూ కత్తిరిస్తూ గుబురుగా పెంచాలి. కాయ బాగా రావాలంటే మొక్కకు చుట్టూ ఎండ, గాలి తగలాలి, కొమ్మల చివరలు కత్తెర పడకుండా ఉండాలి. పూత వచ్చేది కొమ్మల చివరనే కాబట్టి, ఎప్పుడు పడితే అప్పుడు కత్తిరించిన కంచె గుబురుగా ఉంటుంది కానీ కాయ ఉండదు. ఈ రెండింటి మధ్య మీ అవసరాన్ని బట్టి నిర్ణయించుకోవాలి.

1. పెరటికి: ఒక కుటుంబం అవసరానికి రెండు మూడు మొక్కలు సరిపోతాయి. మొక్కకు మొక్కకు 8 నుంచి 10 అడుగులు వదలండి. బావి, నడిచే దారి, పిల్లలు ఆడుకునే చోటుకు దూరంగా నాటండి. ముళ్లు కంటికి తగిలితే ప్రమాదం.

2. పొలం కంచెకు: మొక్కకు మొక్కకు 3 అడుగులు. పశువులు, మేకలు ఎక్కువగా తిరిగే వైపున రెండు వరుసలు వేయాలి. చిన్న రైతుకు వాక్కాయ వల్ల ఎక్కువ లాభం ఇక్కడే.

3. తోటగా: వరుసల మధ్య 10 అడుగులు, మొక్కల మధ్య 10 అడుగులు. ఎకరాకు సుమారు 435 మొక్కలు పడతాయి. కొనేవారు ఖాయంగా ఉన్నారని తెలిశాకే ఈ పద్ధతికి వెళ్లాలి.

కంచె లెక్క ఇలా వేసుకోండి. చతురస్రంగా ఉన్న ఎకరం పొలానికి ఒక్కో వైపు సుమారు 209 అడుగులు, నాలుగు వైపులా కలిపి 835 అడుగులు. 3 అడుగులకు ఒకటి చొప్పున ఒక వరుసకు 280 మొక్కలు కావాలి. రెండు వరుసలైతే 560. పొడవుగా, సన్నగా ఉన్న పొలానికి ఇంకా ఎక్కువ పడతాయి. అన్ని వైపులా ఒకే ఏడాది నాటలేకపోతే, పశువులు దూరే వైపు ఈ ఏడాది నాటి, మిగతా వైపులకు మీ మొక్కల నుంచే నారు పెంచుకోవచ్చు.

వాక్కాయ కంచె ఏం ఆపుతుంది, ఏం ఆపలేదు?

నాటిన మొదటి రెండేళ్లు ఇది కంచె కాదు. ఆ రెండేళ్లు మనమే దానికి కంచె వేయాలి. లేత ఆకును మేకలు ఇష్టంగా తింటాయి. చుట్టూ తుమ్మ కంప గానీ రేగు కంప గానీ వేసి కాపాడుకోవాలి. మూడు నాలుగు ఏళ్లకు పొద కమ్ముకున్నాక ఆవులు, గేదెలు, మేకలు, మనుషులు దాటడం కష్టమవుతుంది.

అడవి పందుల విషయంలో ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. అవి మొదళ్ల దగ్గర ఉన్న సందుల్లోంచి దూరతాయి. రెండు వరుసలుగా నాటి, కింది కొమ్మలు నేలను తాకేలా పెంచితే వాటి రాక తగ్గుతుంది. పందుల బెడద తీవ్రంగా ఉన్న ఊళ్లలో కంచె బయట కందకం లాంటి మరో ఏర్పాటు కూడా కావాలి. కోతులను ఏ ముళ్ల కంచె కూడా ఆపలేదు.

పందుల కోసం పొలం చుట్టూ కరెంటు తీగలు పెట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి. అది నేరం. రాత్రి నీళ్లు పెట్టడానికి వెళ్లిన రైతులు, పక్క పొలం వాళ్లు, పశువులు ఆ తీగలకు బలైపోతున్నారు. ముళ్ల కంచె ఎదగడానికి నాలుగేళ్లు పట్టినా ఎవరి ప్రాణమూ తీయదు.

నేలలు, వాతావరణం

ఎర్ర నేలలు, గరప నేలలు, ఇసుక నేలలు, రాళ్లు కలిసిన చెలక నేలల్లో వాక్కాయ బాగా పెరుగుతుంది. కొంతవరకు చౌడును కూడా తట్టుకుంటుంది. వేరే పంటకు పనికిరాని గట్లు, పొలం అంచులు దీనికి చాలు. నీరు నిలిచే నేల మాత్రం పనికిరాదు. నల్లరేగడిలో నాటాలంటే గట్టు మీద గానీ, ఎత్తు చేసిన బోదె మీద గానీ నాటాలి.

ఎండ బాగా తగలాలి. పెద్ద చెట్ల నీడలో మొక్క బతుకుతుంది కానీ పూత పలచగా వస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోని వర్షపాతం, ఎండ దీనికి సరిపోతాయి.

రకాలు

మన ఊళ్లలో ఎక్కువగా కనిపించేవి గింజతో మొలిచిన నాటు మొక్కలే. వీటిలో కాయ సైజు, రంగు, పులుపు ఒక్కో మొక్కకు ఒక్కోలా ఉంటాయి. కంచెకు ఇవి సరిపోతాయి.

కాయ ముఖ్యం అనుకుంటే మేలైన రకాలు ఉన్నాయి. పంత్‌నగర్‌లోని గోవింద్ వల్లభ్ పంత్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి పంత్ మనోహర్, పంత్ సుదర్శన్, పంత్ సువర్ణ రకాలు వచ్చాయి. మనోహర్, సుదర్శన్ కాయలు తెలుపు మీద గులాబీ రంగుతో ఉంటాయి. సువర్ణ కాయ ఆకుపచ్చ మీద గోధుమ రంగు తిరుగుతుంది. మహారాష్ట్రలోని దాపోలి వ్యవసాయ విశ్వవిద్యాలయం పెద్ద కాయ వచ్చే కొంకణ్ బోల్డ్ రకాన్ని ఇచ్చింది.

ఈ రకాలు దొరకకపోయినా ఇబ్బంది లేదు. మీ చుట్టుపక్కల ఏటా బాగా కాసే, పెద్ద కాయ ఇచ్చే చెట్టును గుర్తుపెట్టుకుని, దాని నుంచి అంటు తెచ్చుకోండి. మీ నేలకు, మీ వానలకు అలవాటు పడిన మొక్క అదే.

మొక్కలు సొంతంగా పెంచుకోవడం

కంచెకు వందల మొక్కలు కావాలి కాబట్టి కొనడం కన్నా పెంచుకోవడం మేలు.

గింజ నుంచి:
• ఆగస్టు, సెప్టెంబరులో బాగా పండి నల్లబడిన కాయలు తీసుకోండి.
• పిసికి గింజలు తీసి, జిగురు పోయేలా కడిగి, ఒకటి రెండు రోజులు నీడలో ఆరబెట్టండి.
• వెంటనే విత్తండి. ఈ గింజకు నిలవ గుణం లేదు. దాచి వచ్చే ఏడాది వేస్తే మొలక సరిగా రాదు.
• ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి సంచుల్లో నింపి, ఒక్కో సంచిలో రెండు గింజలు అర అంగుళం లోతులో వేయండి.
• పలుచని నీడలో ఉంచి, తడి ఆరకుండా చూడండి. మొలిచాక బలమైన మొక్క ఒకటి ఉంచి రెండోది తీసేయండి.
• వచ్చే జూన్, జులై నాటికి నాటడానికి సిద్ధమవుతాయి.

గాలి అంటు:
• కాయ కోసం నాటే మొక్కలకు ఇదే మంచిది. తల్లి చెట్టు గుణాలన్నీ వస్తాయి, కాపు కూడా త్వరగా మొదలవుతుంది.
• వానలు మొదలయ్యాక పెన్సిల్ మందం ఉన్న ఏడాది కొమ్మను ఎంచుకోండి. అంగుళం వెడల్పున చుట్టూ బెరడు తీయండి.
• కారే పాలను తడిగుడ్డతో పూర్తిగా తుడిచాక, వేర్లు పుట్టించే హార్మోన్ పొడి పూయండి.
• తడిపిన నాచు పెట్టి, పాలిథిన్ కాగితం చుట్టి రెండు వైపులా గట్టిగా కట్టండి.
• రెండు నెలలు దాటాక కాగితంలోంచి వేర్లు కనిపిస్తే, కింద కోసి సంచిలో పెట్టి, నీడలో కొన్ని వారాలు నిలదొక్కుకోనివ్వండి.

మామూలు కొమ్మ ముక్కలు నేలలో గుచ్చితే వాక్కాయ సులభంగా వేరు పట్టదు. దాన్ని నమ్ముకుని సీజను పోగొట్టుకోవద్దు.

నాటే విధానం

తొలకరి వానలు పడి నేల బాగా తడిశాక, జూన్, జులైలో నాటాలి. ఆగస్టు దాటితే వేసవి లోపు వేరు లోతుకు దిగదు.

• వేసవిలోనే అడుగున్నర పొడవు, వెడల్పు, లోతుతో గుంతలు తీసి ఎండకు వదలండి. కంచెకు గుంతలకు బదులు అడుగున్నర లోతు కాలువ తీయడం తేలిక.
• ఒక్కో గుంతకు 10 కిలోల మాగిన పశువుల ఎరువు, పావు నుంచి అర కిలో వేప పిండి పైమట్టితో కలిపి నింపండి. పచ్చి ఎరువు వేస్తే చెదలు వస్తాయి.
• సంచి చింపి, మట్టి గడ్డ చెదరకుండా నాటి, చుట్టూ కాలితో గట్టిగా అదమండి. పాదు చేసి నీరు పోయండి.
• రెండు వరుసల కంచెలో వరుసల మధ్య 3 అడుగులు ఉంచండి. రెండో వరుస మొక్క మొదటి వరుసలోని రెండు మొక్కల నడుమకు వచ్చేలా నాటండి.

హద్దు రాయి మీదే నాటకండి. మీ పొలంలోకి కనీసం 3 నుంచి 4 అడుగులు లోపలికి వచ్చి నాటండి. నాలుగేళ్లకు పొద అంత వెడల్పు అవుతుంది. ముళ్ల కొమ్మలు పక్క రైతు దారిలోకో, ఎడ్లబండి దారిలోకో పోతే తగాదా వస్తుంది. నాటే ముందే పక్క రైతుతో ఒక మాట అనుకోండి. కోత కోయడానికి, కత్తిరించడానికి మీకూ బయటి వైపు చోటు కావాలి.

నీరు, ఎరువులు

మొదటి ఏడాది, ముఖ్యంగా మొదటి వేసవిలో, వారం పది రోజులకోసారి నీరు పోయాలి. పాదుల్లో ఎండుటాకులు గానీ వేరుశనగ పొట్టు గానీ కప్పితే తడి నిలుస్తుంది. రెండో వేసవిలో పదిహేను రోజులకోసారి చాలు. మూడో ఏడాది నుంచి కంచె మొక్కకు నీరు పోయాల్సిన పని ఉండదు. కాయ కోసం పెంచే మొక్కకు మాత్రం పిందె పెరిగే ఏప్రిల్, మే నెలల్లో రెండు మూడు తడులు ఇస్తే పిందె రాలడం తగ్గుతుంది, కాయ సైజు పెరుగుతుంది.

ఏటా వానాకాలం చివర మొక్కకు 10 కిలోల పశువుల ఎరువు గానీ, 3, 4 కిలోల వర్మీకంపోస్టు గానీ వేసి మట్టి కప్పండి. కంచె మొక్కలకు ఇందులో సగం చాలు. నత్రజని ఎక్కువ వేస్తే కొమ్మలు ఏపుగా పెరుగుతాయి, కాయ తగ్గుతుంది.

కత్తిరింపులు

కంచెకు ముఖ్యమైన కత్తిరింపు మొదటి ఏడాదే. మొక్క నిలదొక్కుకుని రెండడుగులు దాటగానే అడుగు ఎత్తులో తల తుంచేయాలి. పెరిగిన మొక్కను కోయడానికి మనసు ఒప్పదు, కానీ కోయకపోతే మొక్క పైకి సాగి అడుగున ఖాళీ మిగులుతుంది. మేకలు, పందులు దూరేది అక్కడే. తల తుంచితే మొదటి నుంచి కొమ్మలు గుబురుగా వస్తాయి. రెండో ఏడాది రెండడుగుల దగ్గర మరోసారి తుంచండి. సందు ఉన్న చోట కింది కొమ్మను వంచి, నేలకు తాకించి, మట్టి కప్పి రాయి పెట్టండి. అక్కడే వేరు పట్టి కొత్త మొక్క అవుతుంది.

ఎదిగిన కంచెను 4, 5 అడుగుల ఎత్తులో ఉంచండి. అడుగున వెడల్పుగా, పైన సన్నగా ఉండేలా కత్తిరించాలి. పైభాగం వెడల్పైతే కింద నీడ పడి కొమ్మలు ఎండిపోతాయి.

కంచె, కాయ రెండూ కావాలంటే ఇలా చేయండి. ఏడాదికి ఒక్కసారే, కోత అయిపోయిన వెంటనే, సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు లోపు కత్తిరించండి. బయటి వైపు దగ్గరగా కత్తిరించి, పొలం వైపు కొమ్మలను ఎండినవి తప్ప ముట్టుకోకండి. పూత, కాయ పొలం వైపు వస్తాయి, కోయడమూ మీకు తేలిక. డిసెంబరు తర్వాత ఏ వైపూ కత్తెర పెట్టొద్దు. పూత పోతుంది.

విడిగా పెంచే మొక్కకు ఎండు కొమ్మలు, అడ్డదిడ్డంగా పోయేవి, మొదట్లోంచి నిటారుగా లేచే నీటి కొమ్మలు తీస్తే చాలు. కత్తిరించిన ముళ్ల కొమ్మలను పొలంలో వదలకండి. కాళ్లకు, ట్రాక్టరు టైర్లకు గుచ్చుకుంటాయి. ఎండబెట్టి, మొక్కలు చిన్నగా ఉన్న చోట కంపగా వేసుకోండి.

సస్యరక్షణ

వాక్కాయకు చీడపీడలు తక్కువ. ఖరీదైన మందుల అవసరం దాదాపు రాదు.

ఆకు తినే పురుగులు: వానాకాలంలో లేత ఆకులు తింటాయి. చిన్న మొక్కల మీద ఉంటే ఏరి పారేయండి. ఎక్కువైతే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు నీరు కలిపి పిచికారీ చేయండి.

పిండినల్లి, పొలుసు పురుగులు: వేసవిలో కొమ్మలకు అంటుకుని రసం పీలుస్తాయి. ఎక్కువగా పట్టిన కొమ్మలు కోసి కాల్చేయండి. మిగతా మొక్కకు వేపనూనె చాలు. చీమల బారులు కనిపిస్తే ఈ పురుగులు ఉన్నట్టే.

ఆకుమచ్చ, కాయమచ్చ తెగులు: ముసురు రోజుల్లో ఆకులపై, కాయలపై గోధుమ రంగు మచ్చలు వస్తాయి, కాయలు రాలతాయి. రాలిన కాయలు ఏరి పూడ్చిపెట్టండి. పొద లోపలికి గాలి ఆడేలా ఎండు కొమ్మలు తీయండి. ఏటా వస్తుంటే కత్తిరింపు అయిన తర్వాత ఒక శాతం బోర్డో మిశ్రమం పిచికారీ చేయండి. కాయ కోతకు దగ్గర పడ్డాక ఏ మందూ కొట్టొద్దు.

చెదలు: కొత్తగా నాటిన మొక్కలు ఎండిపోతుంటే మొదట్లో తవ్వి చూడండి. వేప పిండి వేసి నీరు పోయండి.

పూత మీద ఉన్నప్పుడు పురుగుమందులు వాడొద్దు. పూలకు తేనెటీగలు బాగా వస్తాయి. అవి మీ పక్క పంటలకూ మేలు చేస్తాయి.

పూత, కోత, దిగుబడి

అంటు మొక్కలు రెండు మూడేళ్లకు, గింజ మొక్కలు మూడు నాలుగేళ్లకు కాపుకొస్తాయి. జనవరి చివర నుంచి మార్చి వరకు పూత ఎక్కువగా ఉంటుంది. పిందె కట్టిన మూడున్నర నుంచి నాలుగు నెలలకు కాయ ముదురుతుంది. జూన్ చివర నుంచి సెప్టెంబరు వరకు కోతలు ఉంటాయి.

• కూరకు, పచ్చడికి, ఊరగాయకు: కాయ పూర్తి సైజుకు వచ్చి, తెలుపు మీద గులాబీ రంగు తిరిగినప్పుడు, గట్టిగా ఉండగానే కోయాలి.
• జామ్, జెల్లీ, పండుగా తినడానికి: ముదురు ఎరుపు, ఊదా రంగు వచ్చాక.
• గింజ కోసం: నల్లబడి మెత్తబడ్డాక.

కాయలన్నీ ఒకేసారి రావు. మూడు నాలుగు విడతలుగా కోయాల్సి ఉంటుంది. చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా వేసుకోండి. చేతులకు కొద్దిగా నూనె రాసుకుంటే పాల జిగురు అంటదు. కొమ్మలు దులిపి కాయ రాల్చకండి. నేల దెబ్బ తిన్న కాయ మర్నాటికే నల్లబడుతుంది. లోతు తక్కువ ట్రేలలో పోసి నీడలో ఉంచండి.

బాగా చూసుకున్న నాటు మొక్క ఐదో ఏడాదికి 3 నుంచి 5 కిలోల దాకా కాస్తుంది. మేలైన రకాలు, పెద్ద పొదలు ఇంకా ఎక్కువ ఇస్తాయి. కత్తిరించే కంచెలో మాత్రం ఇందులో సగం కన్నా తక్కువే లెక్క వేసుకోండి. కంచె నుంచి వచ్చే అసలు లాభం పంట నిలవడం. కాయ దాని మీద అదనం.

అమ్మకం: నాటే ముందే అడగాల్సిన మూడు ప్రశ్నలు

తోటగా పెట్టాలనుకునే వారు ఈ లెక్క చూడండి. ఎకరాకు 435 మొక్కలు, మొక్కకు 3 కిలోలే అనుకున్నా 1,300 కిలోలు. ఇదంతా రెండు నెలల లోపు, అదీ వానల్లో కోసి అమ్మాలి. టమాటా, ఉల్లి లాగా రోజూ అందరూ కొనే సరుకు కాదు ఇది. ఇష్టపడేవారు ఆ సీజనులో వెతికి మరీ కొంటారు, తెలియనివారు ఊరికే ఇచ్చినా తీసుకోరు. అందుకని:

1. ఎవరు కొంటారు? మీ పట్టణంలోని రైతుబజారు, కూరగాయల దుకాణాలు, పచ్చళ్ల తయారీదారులను ఈ సీజనులోనే వెళ్లి అడగండి. కేకులు, కిళ్లీల్లో వేసే ఎర్ర చెర్రీల్లో చాలావరకు వాక్కాయను గింజ తీసి, రంగు, చక్కెర పాకం పట్టి తయారు చేసినవే. అలాంటి తయారీదారు దగ్గరలో ఉంటే ఎంత, ఏ దశలో, ఏ ధరకు తీసుకుంటారో ముందే రాతపూర్వకంగా మాట్లాడుకోండి.

2. ఎవరు కోస్తారు? ముళ్ల మధ్య కోత నెమ్మదిగా సాగుతుంది. ఎవరిదైనా కాసిన మొక్క ఉంటే ఒక గంట కోసి చూడండి, ఎన్ని కిలోలు వచ్చాయో తూచండి. మీ ఊరి కూలి రేటుతో లెక్కిస్తే కిలో కోత ఖర్చు తెలుస్తుంది. అది అమ్మే ధరలో సగం దాటితే తోట ఆలోచన మానుకుని కంచెకే పరిమితం కండి.

3. అమ్ముడుపోనిది ఏం చేస్తారు? దీనికి జవాబు ఉప్పులో ఊరబెట్టడం. ఇంట్లో ఆ పని చేయగలవారు ఉంటే సరుకు పారబోయాల్సిన పని ఉండదు.

నిలవ చేసుకోవడం, ఇంటి వాడకం

గట్టి కాయలు కడిగి, తడి లేకుండా తుడిచి, చీల్చి గింజలు తీయండి. కోసేటప్పుడు వచ్చే పాల జిగురు పోవాలంటే కోసిన ముక్కలను కాసేపు ఉప్పు నీళ్లలో వేసి, వంపేసి, ఆరబెట్టాలి. కిలో ముక్కలకు 150 నుంచి 200 గ్రాముల ఉప్పు, చెంచా పసుపు కలిపి జాడీలో గట్టిగా నొక్కి మూత పెట్టండి. మూడో రోజు ఊరిన ముక్కలు పైకి, కిందికి కలపండి. తడి చేయి తగలకపోతే నెలల తరబడి నిలుస్తుంది. కావాల్సినప్పుడు కారం, ఆవపిండి, మెంతిపిండి వేసి తిరగమోత పెట్టుకోవచ్చు.

కందిపప్పులో గుప్పెడు వాక్కాయ ముక్కలు వేస్తే చింతపండు అక్కర్లేదు. ముద్దగా నూరి పులిహోర కలపొచ్చు. కొబ్బరితో కలిపి పచ్చడి చేసుకోవచ్చు. కాయలో పెక్టిన్ ఎక్కువ కాబట్టి చక్కెరతో కలిపి ఉడికిస్తే జెల్లీ సులభంగా గట్టిపడుతుంది. విటమిన్ సి కూడా ఉంటుంది. బాగా పులుపు కాబట్టి కడుపులో మంట ఉన్నవారు తక్కువగా తినాలి.

పచ్చళ్లు ప్యాకెట్లలో, సీసాల్లో అమ్మాలనుకుంటే ముందుగా ఎఫ్ఎస్ఎస్ఏఐ నమోదు చేయించుకోవాలి. స్వయం సహాయక సంఘం పేరుతో చేసుకుంటే పదిమంది పొలాల కాయ ఒకచోట చేరి, పని కూడా సులువవుతుంది.

ఏ నెలలో ఏం చేయాలి?

• జనవరి – మార్చి: పూత. కత్తిరింపులు, పురుగుమందులు వద్దు. కొత్త మొక్కలకు నీరు.
• ఏప్రిల్ – మే: కాయ మొక్కలకు రెండు మూడు తడులు. కొత్తగా నాటేవారు గుంతలు తీసుకోవాలి.
• జూన్ – జులై: నాటడం, గాలి అంట్లు కట్టడం. తొలి కోతలు.
• ఆగస్టు – సెప్టెంబరు: కోతలు, ఊరబెట్టడం. పండిన కాయల గింజలు విత్తడం.
• సెప్టెంబరు చివర – అక్టోబరు: కత్తిరింపు, పశువుల ఎరువు, అవసరమైతే బోర్డో మిశ్రమం.
• నవంబరు – డిసెంబరు: కలుపు తీయడం, పాదులు సరిచేయడం, చెదలు చూసుకోవడం.

రైతులు తరచూ అడిగే ప్రశ్నలు

కంచె పక్కన పంట దెబ్బతింటుందా?
మొదటి ఒకటి రెండు సాళ్లలో నీడ వల్ల, వేర్ల వల్ల కొంత తగ్గుతుంది. కంచెను 5 అడుగులు దాటనివ్వకుండా ఉంచి, పక్కన 4 అడుగుల నడక దారి వదిలితే నష్టం తక్కువ. ఆ దారి కోతకూ పనికొస్తుంది.

పాత కంచె అడుగున ఖాళీ అయింది. తీసేయాలా?
అక్కర్లేదు. వానాకాలం చివర నేల నుంచి అడుగు ఎత్తులో కోసేయండి. మళ్లీ గుబురుగా చిగురిస్తుంది. అంతా ఒకేసారి కోస్తే పొలం తెరిచినట్టే. ఈ ఏడాది ఒక వైపు, వచ్చే ఏడాది మరో వైపు కోయండి. కోసిన చోట రెండేళ్లు కంప వేసి కాపాడండి. ఆ రెండేళ్లు ఆ వైపు కాయ తగ్గుతుంది.

పూత బాగా వచ్చి కాయ నిలవడం లేదు. ఎందుకు?
పూత సమయంలో పురుగుమందు కొట్టారా, పిందె దశలో నేల బాగా ఎండిపోయిందా, మొక్కలు మరీ గుబురై లోపలికి ఎండ పోవడం లేదా అన్నవి ముందు చూసుకోండి. ఎక్కువసార్లు కారణం ఈ మూడింటిలోనే దొరుకుతుంది.

కౌలు రైతులు నాటవచ్చా?
కంచె గట్టిపడటానికి నాలుగేళ్లు పడుతుంది. అంతకాలం కౌలు ఖాయం లేకపోతే యజమానితో మాట్లాడి, మొక్కలు, గుంతల ఖర్చు ఆయన పెట్టుకునేలా, కాపలా, నీరు మీరు చూసుకునేలా ఒప్పందం చేసుకోండి. లేదంటే ఇంటి పెరట్లో రెండు మొక్కలతో మొదలుపెట్టండి.

మొక్కలు, మేలైన రకాల అంట్ల కోసం మీ మండల ఉద్యాన అధికారిని గానీ, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రాన్ని గానీ సంప్రదించండి. ఈ వానాకాలానికి నాటాలనుకుంటే వేసవిలోనే మొక్కలు చెప్పి ఉంచుకోండి. సొంతంగా నారు పెంచుకునేవారు ఆగస్టులో పండిన కాయలు ఎక్కడ దొరుకుతాయో ఇప్పుడే చూసి పెట్టుకోండి.